తమ్ముడు చెప్పిన సెలూన్ కథ

భోజనాల గంట ఇంకా మోగుతూనే ఉంది. రేడియో అప్పుడే రెండో తరగతి గుమ్మంలోకి వచ్చేసింది. చేతిలో రెండు టిఫిన్ డబ్బాలు. ఒకటి తనది, ఇంకోటి తమ్ముడిది.

రేడియో అంటే పాటలు వచ్చే పెట్టె కాదండోయ్. ఐదో తరగతి చదివే అమ్మాయి. నోట్లో నువ్వుగింజ నానదని వాళ్ళమ్మ ఆ పేరు పెట్టింది. పొద్దున లేచింది మొదలు మోగుతూనే ఉంటుంది. ఆపే మీట ఎక్కడుందో ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు.

"తమ్ముడూ! కథ ఎలా చెప్పావురా? అందరూ నవ్వారా?" అంటూ లోపలికి వచ్చింది.

తమ్ముడు బల్ల కింద కూర్చుని ఉన్నాడు. మోకాళ్ళ మధ్య తల దాచుకున్నాడు.

"ఏమైంది టీచర్?" అని అడిగింది రేడియో.

క్లాస్ టీచర్ నిట్టూర్చింది. "ఇవాళ కబుర్ల పీరియడ్‌లో వాడి వంతు కదమ్మా. ధైర్యంగా ముందుకొచ్చాడు. 'నాన్న షాపు' అన్నాడో లేదో, పిల్లలంతా 'మాకు తెలుసు, మాకు తెలుసు' అని అరిచారు. 'రేడియో అక్క వ్యాన్‌లో చెప్పేసింది' అన్నారు. ఒకడైతే లేచి కథంతా చెప్పేశాడు. నేను ఆపేలోపే వీడు వెళ్ళి బల్ల కింద దూరాడు."

రేడియో వంగి బల్ల కిందికి చూసింది.

ఇక్కడ తమ్ముడి సంగతి కొంచెం చెప్పాలి. వాడికి చెవులు చక్కగా వినిపిస్తాయి. తెలివికేం కొదవ లేదు. నాన్న సెలూన్లో ఏ దువ్వెన ఎక్కడుందో నాన్నకంటే వాడికే బాగా తెలుసు. మాటలే వాడికి తొందరగా దొరకవు. తోటిపిల్లలు గలగలా మాట్లాడే వయసులో వాడు వేలు పెట్టి చూపించేవాడు. మూడేళ్ళు నిండాక ఒకరోజు "అక్క" అన్నాడు. ఆ రోజు నాన్న షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ వార్త చెప్పాడు. "అక్క రా" అని రెండు మాటలు కలపడానికి ఇంకో ఏడాది పట్టింది.

"కొంతమంది పిల్లలకి భాష దానంతటదే అబ్బదు. ఓపిగ్గా నేర్పితే వస్తుంది" అని మాటల టీచర్ చెప్పింది. రోజూ బడికి వచ్చి వాడికి మాటలు నేర్పేది ఆవిడే. ఇప్పుడు వాడు వాక్యాలు కూడా చెబుతాడు. కాకపోతే మధ్యలో ఏదో ఒక మాట జారిపోతుంది. ముందు జరిగింది వెనక్కీ, వెనక జరిగింది ముందుకీ వెళ్ళిపోతాయి. అప్పుడు "అదీ... అదీ..." అని వెతుక్కుంటాడు.

ఆ "అదీ" వినపడగానే రేడియో మాట అందించేస్తుంది. కొత్తవాళ్ళు పేరు అడిగితే వాడు అక్క వెనక దాక్కుంటాడు, అక్కే జవాబు చెబుతుంది. తమ్ముడి నోరు తనేనని రేడియోకి కాస్త గర్వం కూడా.

పోయిన శనివారం రేడియో పాటల క్లాసుకి వెళ్ళింది. సరిగ్గా ఆ రోజే నాన్న సెలూన్లో ఒక తమాషా జరిగింది. సాయంత్రం తమ్ముడు రొప్పుతూ ఇంటికి వచ్చాడు.

"అక్కా! షాపు... అంకుల్ గుడ్డ... సగం! పారిపోయాడు!"

రేడియో కళ్ళు మెరిశాయి. వాడిని కూర్చోబెట్టి ప్రశ్న మీద ప్రశ్న వేసి సంగతంతా లాగింది. ఒకాయన కటింగ్‌కి వచ్చి కుర్చీలో నిద్రపోయాడట. సగం తల అయ్యేసరికి మిషన్ చార్జింగ్ అయిపోయిందట. నాన్న కత్తెర తేవడానికి లోపలికెళ్ళాడట. ఇంతలో ఆయన ఫోను మోగిందట. ఆయన ఉలిక్కిపడి లేచి, 'అమ్మో, ఆలస్యమైపోయింది' అంటూ మెడకి కట్టిన గుడ్డతోనే బయటికి పరిగెత్తాడట. నాన్న కత్తెర పట్టుకుని వెంటపడ్డాడట. వెనక కత్తెరతో వస్తున్న మనిషిని చూసి ఆయన ఇంకా జోరుగా పరిగెత్తాడట. వీధి మలుపు దగ్గర నాన్న చెప్పు తెగిందట.

"తర్వాత?" అంది రేడియో.

"అంకుల్... నేను... అదీ... అదీ..."

రేడియోకి అంత ఓపిక ఎక్కడిది! "సరేలే, నాకు అర్థమైంది" అని లేచిపోయింది. నాన్ననడిగితే, "ఏమో తల్లీ, నేను చెప్పు పట్టుకుని మలుపు దగ్గరే కూలబడ్డాను. కాసేపటికి ఆయనే వెనక్కొచ్చాడు. తమ్ముడు ఆ గుడ్డ అంచు పట్టుకుని వెనకే వచ్చాడు" అన్నాడు.

ఇంకేం కావాలి? మిగిలింది రేడియో కల్పించేసింది. ఆయన అద్దాల షాపు ముందు ఆగి, తన తల తనే చూసుకుని కెవ్వుమని అరిచాడని చివర పెట్టింది. ఉప్పూ కారం దట్టించి పక్కింటి ఆంటీకి చెప్పింది. స్కూల్ వ్యాన్‌లో చెప్పింది. తన క్లాసులో చెప్పింది. తమ్ముడు తన వంతు రోజున ఈ కథే చెబుతాడని ఆమెకి తెలుసు. వాడి కథకి తను పబ్లిసిటీ ఇస్తున్నాననుకుంది. అక్కడే వచ్చింది తంటా.

డబ్బాలు అలాగే పట్టుకుని రేడియో మాటల టీచర్ గదికి వెళ్ళింది. జరిగినదంతా చెప్పి, "ఆ పిల్లలకి బొత్తిగా బుద్ధి లేదు టీచర్" అంది.

ఆ గదిలో నేల మీద సుద్దముక్కతో గీసిన నాలుగు పెద్ద సున్నాలున్నాయి.

"ఇవేంటి టీచర్?"

"మీ తమ్ముడి కథ. 'మొదట' అన్నప్పుడు ఈ సున్నాలో నిలబడతాడు. 'తర్వాత'కి ఇందులో. 'ఆ తర్వాత'కి ఇందులో. 'చివరికి' ఇదిగో, ఇక్కడ. కథ దారి తప్పకుండా ఉండాలని అలా నేర్చుకున్నాడు. వారమంతా ఇదే పని."

"ఈ కథ నాకు బాగా వచ్చు!" అంది రేడియో. మొదటి సున్నాలోకి గెంతి కుర్చీలో నిద్ర చెప్పింది. రెండో దాంట్లో మిషన్, ఫోను. మూడో దాంట్లో కత్తెర, తెగిన చెప్పు. నాలుగో దాంట్లోకి గెంతి, "చివరికి అద్దాల షాపు ముందు ఆగి..." అంది.

"అద్దాల షాపా? వాడు నాకు అలా చెప్పలేదే" అంది మాటల టీచర్.

"మరెలా చెప్పాడు?"

"అది వాడి కథమ్మా. నేనెలా చెబుతాను?"

రేడియో కాళ్ళ కింద సున్నా వైపు చూసుకుంది. మెల్లగా అందులోంచి బయటికి వచ్చింది.

"ఒక కథ మొదటినుంచి చివరిదాకా వాడంతట వాడు చెప్పడం ఇదే మొదటిసారి" అంది మాటల టీచర్. "క్లాసులో చెప్పేటప్పుడు నువ్వు చూస్తే బాగుండునని నిన్న నాతో అన్నాడు కూడా."

రేడియో ఆలోచించింది. తనకి చెప్పుకోవడానికి బోలెడు కథలున్నాయి. రోజుకొకటి పుడుతుంది. వాడికి ఉన్నది ఒక్కటే. అది కాస్తా తను ఊరంతా టాంటాం వేసేసింది. చాలా సిగ్గేసింది.

ఆ సాయంత్రం తమ్ముడు ఇంటి మెట్ల మీద ఒంటరిగా కూర్చున్నాడు. రేడియో వెళ్ళి పక్కన చేరింది.

"ఒరేయ్, నీ కథ..."

"కథ అయిపోయింది. నువ్వు... నీకు తెలుసు."

"నాకు తెలీదురా. నాన్న చెప్పు తెగేదాకే తెలుసు. అద్దాల షాపు సంగతి నేను కల్పించాను. తప్పు చేశాను."

తమ్ముడు తలెత్తాడు. "అద్దం లేదు."

"మరేముంది?"

"బస్సు."

"బస్సా? ఏ బస్సు?"

తమ్ముడు చెప్పబోయాడు. రేడియో గబుక్కున తన రెండు చెవులూ మూసుకుంది. "వద్దు వద్దు! ఇప్పుడు చెప్పకు. రేపు క్లాసులో అందరిముందూ చెప్పు. నేనూ వచ్చి వింటాను."

వాడు ఆమె చేతులు చెవుల మీంచి లాగాడు. "మధ్యలో... మాట్లాడవు?"

"ఒట్టు."

ఆ రాత్రి భోజనం దగ్గర రేడియో అవస్థ పగవాడికి కూడా వద్దు. బస్సేంటి, ఎవరు ఎక్కారు, ఎవరు దిగారు? అడగలేక కడుపు ఉబ్బిపోయింది. "ఒంట్లో బాగాలేదా?" అని అమ్మ నుదురు పట్టుకుని చూసింది.

మర్నాడు రేడియో క్లాస్ టీచర్ని బతిమాలి తమ్ముడికి ఇంకో వంతు ఇప్పించింది. తను రెండో తరగతి పిల్లల ముందు నిలబడింది. "వ్యాన్‌లో నేను చెప్పిన కథకి చివర తప్పు. అసలు చివర నాకే తెలీదు. తెలిసినవాడు వీడొక్కడే" అంది. పిల్లలు గుసగుసలాడారు. రేడియో వెళ్ళి వాళ్ళ మధ్యే నేల మీద కూర్చుంది.

తమ్ముడు సుద్దముక్కతో నాలుగు సున్నాలు గీశాడు. మొదటి దాంట్లో నిలబడ్డాడు.

"మొదట... నాన్న షాపు అంకుల్ వచ్చాడు. కుర్చీలో కూర్చున్నాడు. నిద్రపోయాడు. ఇలా." తల వాల్చి గుర్రు పెట్టాడు. పిల్లలు నవ్వారు.

రెండో సున్నాలోకి వెళ్ళాడు. "తర్వాత... నాన్న సగం కట్ చేశాడు. అప్పుడు మిషన్... అదీ... అదీ..."

చార్జింగ్! రేడియో నాలుక చివరే ఉంది ఆ మాట. క్లాసంతా తలలు తిప్పి ఆమె వైపే చూసింది. ఎప్పుడూ అందించేది ఆమేగా మరి. రేడియో పెదవులు బిగించింది. ఎవరివైపూ చూడకుండా తమ్ముడినే చూసింది. గదిలో ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం లేదు.

తమ్ముడు పైకి చూశాడు, కిందికి చూశాడు. చివరికి ముఖం వెలిగింది.

"మిషన్‌కి ఆకలేసింది! ఆగిపోయింది!"

క్లాసంతా గొల్లుమంది. టీచర్ కూడా నవ్వు ఆపుకోలేకపోయింది. ఇంత మంచి మాట తనకి ఎందుకు తట్టలేదా అనుకుంది రేడియో. తను చార్జింగ్ అని అందించి ఉంటే ఈ మాట ఎవరూ వినేవాళ్ళే కాదు.

మూడో సున్నాలో తమ్ముడికి కాస్త ఊపు వచ్చింది. "అంకుల్ పరుగు. నాన్న కత్తెర పరుగు. అంకుల్ భయం! ఇంకా పరుగు! నాన్న చెప్పు... ఫట్!" అని ఒంటికాలి మీద గెంతాడు. పిల్లలు పడీపడీ నవ్వారు. కథ అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టేశారు.

తమ్ముడు చెయ్యెత్తాడు.

"ఆగండి. ఇంకా ఉంది."

వాడు నాలుగో సున్నాలోకి అడుగు పెట్టాడు.

"చివరికి... నాన్న కూర్చున్నాడు. నేను పరిగెత్తాను. బస్సు ఉంది. అంకుల్ బస్సు ఎక్కుతున్నాడు. నేను గుడ్డ లాగాను. అంకుల్ 'ఏంటి బాబూ' అన్నాడు. నాకు మాట... రాలేదు. డ్రైవర్ హారన్ కొట్టాడు. మాట రాలేదు. అక్క లేదు."

రేడియో నేల మీదే కాస్త ముందుకి జరిగింది.

"అప్పుడు నేను చెప్పాను. 'అంకుల్, సగం తలే అయింది. ఇంకా సగం ఉంది. రండి.' అంకుల్ ఇలా తల తడుముకున్నాడు. బస్సులో అందరూ నవ్వారు. అంకుల్ కూడా. దిగిపోయాడు." తమ్ముడు అక్క వైపు చూశాడు. "ఆ అంకుల్ నాకు తెలీదు. కానీ నేను మాట్లాడాను."

అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది రేడియోనే. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నా తుడుచుకోలేదు. కొత్తవాళ్ళకి పేరు చెప్పడానికి కూడా తన వెనక దాక్కునే తమ్ముడు, బస్సెడు జనం ముందు ఒక్కడే నిలబడి మాట్లాడాడు! గర్వంతో ఆమెకి అరవాలనిపించింది.

బడి వదలగానే ఇద్దరూ సెలూన్‌కి వెళ్ళారు. నాన్నకి కూడా ఈ సంగతి తెలియదు కదా! రేడియో జీవితంలోనే ఇంత పెద్ద వార్త ఎప్పుడూ దొరకలేదు. అది గొంతుదాకా వచ్చి బయటికి దూకడానికి సిద్ధంగా ఉంది. నాన్న ఒక పెద్దాయనకి కటింగ్ చేస్తున్నాడు.

"ఏంటమ్మా రేడియో, ఇవాళ్టి వార్తలేంటి?" అన్నాడు నాన్న.

రేడియో ఒక పెద్ద గుటక మింగింది. తమ్ముడిని ముందుకి నెట్టింది.

"తమ్ముడు నీకొకటి చెప్పాలట నాన్నా."

నాన్న మిషన్ ఆపాడు. తమ్ముడు మొదలుపెట్టాడు. బస్సు దాకా వచ్చి, "నేను అంకుల్... అదీ... అదీ..." అని ఆగాడు. కుర్చీలో పెద్దాయన సాయం చేద్దామని, "ఏం బాబూ, పిలిచావా?" అనబోయాడు.

"ఉష్!" అని రేడియో పెదవుల మీద వేలు పెట్టింది. "కాస్త ఆగండి తాతగారూ. వాడే చెబుతాడు."

వాడే చెప్పాడు. గుడ్డ లాగడం, హారన్, సగం తల, అంతా చెప్పాడు. నాన్న చేతిలో దువ్వెన కింద పడింది. వాడిని ఎత్తుకుని గిర్రున తిప్పి దించాడు. "నువ్వు పిలుచుకొచ్చావా రా ఆయన్ని? నాకు తెలియనే లేదే! ఉండు, ఇవాళ షాపుకొచ్చిన ప్రతివాళ్ళకీ ఈ కథ చెబుతాను చూడు!"

"నువ్వు చెప్పకూడదు నాన్నా" అంది రేడియో. "అది వాడి కథ."

నాన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. అప్పుడే గుమ్మంలోకి ఇంకో ఆయన వచ్చాడు. చెప్పడానికి నాన్న నోరు తెరిచాడు, మళ్ళీ మూసుకున్నాడు.

"రండి సార్, కూర్చోండి. ఒక్క పది నిమిషాలు. ఈలోపు మా అబ్బాయి మీకొక కథ చెబుతాడు."

రేడియో అప్పటికే చీపురు తీసుకుని, నేల మీది జుట్టంతా పక్కకి ఊడ్చి, తమ్ముడు సున్నాలు గీసుకోవడానికి చోటు చేస్తోంది.