బొట్టులేని పెట్టె

ఆ ఉదయం చేవెళ్ల మీద మబ్బులు దట్టంగా కమ్ముకున్నాయి. చినుకు మాత్రం రాలలేదు.

సర్కారు దవాఖాన స్టోర్ రూమ్‌లో రెండు వ్యాక్సిన్ పెట్టెలున్నాయి. ఒకే సీలు, ఒకే బ్యాచ్ నంబరు. ఒకటి మొయినాబాద్ నుంచి వచ్చిన అసలుది. రెండోది విదేశీ ముఠా పంపింది. దాని సీసాల్లో ఉన్నది విషం. పదిమంది కుప్పకూలిన వీడియోలు బయటికొస్తే చాలు, ఇక దేశంలో ఎవరూ సూది వేయించుకోరు.

మెకానిక్ వేషంలో ఉన్న జగదీశ్ చెవిలో చీఫ్ గొంతు: "ఏజెంట్, క్యూ మొదలైంది. క్యాంప్ ఆపితే పుకార్లతోనే వాళ్లు గెలుస్తారు. ఏది అసలుది?"

"బొట్టున్నది, సార్."

మొయినాబాద్ దవాఖాన ఆయా బాలనర్సమ్మ పసుపు కుంకుమ పెట్టి, దండం పెట్టనిదే ఏ పెట్టెనూ వ్యాన్ ఎక్కించదు. ఆమె జగదీశ్ తల్లి. కొడుకు ఏసీలు రిపేరు చేస్తాడనే ఆమెకు తెలుసు. ఈ మిషన్ మొదలైనప్పటి నుంచి ఇంటికి ఫోన్ చేయకూడదని ఆర్డర్.

బొట్టున్న పెట్టె సూదులు వేసే గదికి వెళ్లిపోయింది.

అప్పుడు నర్సు వేషంలో ఝాన్సీ వచ్చింది. ముఠా మనిషి, మూడు నెలలుగా రహస్యంగా జగదీశ్ డిపార్ట్‌మెంట్ మనిషి కూడా. పీపీఈ కిట్టు కూడా ఆమె అందాన్ని దాచలేకపోయింది.

"ఐస్ కరిగిందా?" అన్నాడు జగదీశ్. కోడ్.

"ఇంకా కరగలే. గీ పెట్టెను పక్కకెందుకు పెట్టినవ్?"

"బొట్టు లేదు."

"పిచ్చోడా! బొట్టు సంగతి మావోళ్లకూ ఎరుకే. అందుకే దొంగ పెట్టెకు పెట్టిన్రు. ఆ ఆయమ్మ ఇప్పుడు కుంకుమ ముడ్తలేదు."

"ఎందుకు?"

"మొగుడు పోయిండు. దగ్గుకుంట దవాఖానకు పోతే టెస్ట్ కిట్లు లేవని రెండుసార్లు వాపస్ పంపిన్రంట. దినాలు అయినంక డ్యూటీకొచ్చింది పాపం. వట్టి దండమే పెడ్తున్నది."

జగదీశ్ సూదులు వేసే గదివైపు మరుక్షణం పరుగెత్తాడు.

గదిలో క్యూలో మొదటివాడు, ముడిమ్యాల ఊరి ఎల్లేశ్, చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చున్నాడు. "సిస్టరమ్మా, జర మెల్లగ! నా పెండ్లాం గూడ గింత గట్టిగ పట్టుకోలే."

సూది మొన చర్మానికి ఆనింది. జగదీశ్ దెబ్బకు సిరంజి ఎగిరి గోడకు కొట్టుకుంది.

"గిదేందన్నా! పొద్దుగాల నుంచి లైన్ల నిలవడ్డ!"

"ఇంకో పెట్టె ఉన్నదన్నా. అది అసలుది. కూసో."

గేటు దగ్గర దొంగ పెట్టె తెచ్చిన ముఠా డ్రైవరు దొరికిపోయాడు.

"శభాష్, ఏజెంట్!" అన్నాడు చీఫ్.

"మా బాపు పోయిన సంగతి మీకు తెలుసా, సార్?"

"ఆపరేషన్ డిస్టర్బ్ అవుతుందని... నీ లీవ్ శాంక్షన్ చేస్తున్నా."

జగదీశ్ మైకున్న మాస్కు తీసి వాడిన సూదుల డబ్బాలో పడేశాడు.

మధ్యాహ్నానికి మొయినాబాద్‌లో ఇంటికి చేరాడు. తల్లి నుదురు బోసిగా ఉంది. రెండు పళ్లేల్లో జొన్నరొట్టె, పప్పు పెట్టింది.

ఎంతటి మొండివాడి నోటినుంచైనా మాట రాబట్టగలడని డిపార్ట్‌మెంట్‌లో జగదీశ్‌కు పెద్ద పేరు. తల్లీ కొడుకూ తల వంచుకుని, ఒక్క మాటైనా లేకుండా తిన్నారు.