ఇస్త్రీపెట్టె ఫ్యూజు

"ఈ ప్లగ్గులో ఫ్యూజు ఎవురు మార్చినారు?"

షావలి అలా అడిగేసరికి బుడేన్‌బీకి ఒళ్లు మండింది. "నేనే. అయితే ఏం?"

షువైఖ్‌లోని రిపేరు షాపు నుంచి అతను ఆమె పనిచేసే అరబ్బుల ఇంటికి రావడం కొత్త కాదు. ఇద్దరిదీ రాయచోటి వైపే. వచ్చినప్పుడల్లా పోట్లాట, పోయాక ఎదురుచూపు. ఎనభై అయిదులో ఆ వీధి మొత్తానికి కంప్యూటర్ ఉన్నది ఈ ఇంట్లోనే. ఆ పొద్దున యజమానుల పాప ఆడుతుండగా దాని వైరు పొగ వదిలి, కంప్యూటర్ ఆగిపోయింది.

"యాడిది పెట్టినావు?"

"ఇస్త్రీపెట్టెది. దీంట్లోది ఊరికే పోతాంది, పాపేమో ఏడుస్తాంది. పెద్దదైతే గట్టిగా నిలబడతాదనుకున్యా."

"మే, ఫ్యూజు ఉండేదే పోయేదానికి! ఇస్త్రీపెట్టెకు పదమూడు ఆంపియర్లది కావాల. ఈ సన్న వైరుకు మూడుదే. లోపలేదో చెడింది కాబట్టే అది పోతా వచ్చింది. నువ్వు పెట్టింది పోలేదు, వైరు కాలింది. పక్కనే పాప పరుపు, చూసినావా?"

చూసింది. మాటలు రానప్పటి నుంచి ఆ పాపను పెంచింది తనే.

అంతలో పనివాళ్లు మామా అని పిలిచే ఇంటావిడ గుమ్మంలోకి వచ్చింది. "ఎవరి పని ఇది?" అని అరబ్బీలో అడిగింది. ఎవరో తేలితే విమానం ఎక్కిస్తానని పొద్దుటి నుంచి అంటూనే ఉంది.

"నాదే. పోయినసారి వచ్చినప్పుడు నేనే మార్చాను," అన్నాడు షావలి.

ఆ మాట అతనికి వీసా ఇచ్చిన కఫీల్ చెవిన పడితే ఇఖామా ఖలాస్, ఈ దేశంలో ఉండే అనుమతే పోతుంది. బుడేన్‌బీకి ఏడుపొచ్చింది. అతనికి తనంటే ఎంత ఇష్టమో అప్పుడు తెలిసింది. కానీ అతని కూడు పడగొట్టి తను నిలబడటం ఆమెకు చేతకాలేదు.

"అబద్ధం మామా. తెలియక నేనే పెట్టాను. పంపిస్తే పోతాను."

పాప వచ్చి బుడేన్‌బీ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు పోతే ఇది అన్నం ముట్టదు. ఇంకెప్పుడూ నన్నడక్కుండా ప్లగ్గు విప్పకు," అంది మామా. తర్వాత షావలిని చూపిస్తూ ఆమెనే అడిగింది. "నీకోసం పని పోగొట్టుకోబోయాడు. ఏమవుతాడు నీకు?"

బుడేన్‌బీ తల దించుకుంది. "ఇంతవరకూ ఏమీ కాడు మామా. మా అన్నను అడిగితే అవుతాడు."

షావలి ఆమె వైపు తిరిగాడు. తెలుగులో మెల్లగా అడిగాడు. "మీయన్న యాడుంటాడు?"

"కబ్ద్‌లో, తోట పనిలో."

"శుక్రవారం పోతా."

"ఆయన అన్నం తిన్యాక పో," అంది కళ్లు తుడుచుకుంటూ. "ఆకలి మీద మాయన్న ఎవురి మాటా వినడు."