అయిదు కాజాల అంగీ

నీళ్ల బిందె చంకన పెట్టుకుని వాకిట్లో అడుగుపెట్టిన బిక్షమ్మకు గుండె ఆగినంత పనైంది. గడపలో మామ జానయ్య కూర్చుని ఉన్నాడు. ఆయన ఒళ్లో, ఆమె పన్నెండు రోజులు కూర్చుని కుట్టిన తెల్ల అంగీ... పక్కన ఆమె కత్తెర. అంగీకి ఉండాల్సిన అయిదు గుండీల్లో ఒక్కటీ లేదు. కాలరు సగం ఊడి వేలాడుతోంది. ముసలాయన ఇప్పుడు కాజాల మీద పడ్డాడు. కత్తెర మొన ముడుల్లో దిగక, రెండు బొటనవేళ్ల కొసలూ ఒక కాజాలో దూర్చి, పళ్లు బిగబట్టి అటూ ఇటూ గుంజుతున్నాడు. బట్ట ముడుచుకుపోతోందే గాని కాజా అంచు తెగడం లేదు.

గుండీలు ఏవని అడిగింది బిక్షమ్మ.

“బాయిల ఏసిన” అన్నాడు జానయ్య తలెత్తకుండా. “నా కొడుకు పానం కంటె నీ అంగీ ఎక్కువ గాదు బిడ్డా.”

అంతకుముందెన్నడూ ఆయన ఆమె వస్తువు మీద చెయ్యి వేసిన మనిషి కాడు. కోడలు కాపురానికి వచ్చిన ఈ రెండేళ్లలో గట్టిగా ఒక్క మాట అనలేదు. అటువంటి మామ అంగీకి పెట్టిన ఆ కత్తెర గాట్లు చూస్తుంటే ఆమెకు కోపం కంటే ముందు ఏడుపొచ్చింది. కాని ఏడవలేదు. బిందె దించి, ఆయన చేతుల్లోంచి అంగీ తీసుకుంది. ఆయన బొటనవేళ్ల కొసలు దోక్కుపోయి ఉన్నాయి.

దీనికంతటికీ కారణం సోమవారం. బిక్షమ్మ మొగుడు పెద్దులు ఏడో తరగతి దాకా చదివినవాడు. కట్టంగూరు దగ్గర బెజవాడ సడక్ మీద పనిచేసే కూలీల హాజరు రాయడానికి అతణ్ని తీసుకుంటామని ఓవర్సీయరు కబురు పెట్టాడు. సోమవారం పొద్దున మంచి అంగీ తొడుక్కుని, మనిషిలా రమ్మన్నాడు. ఆ పల్లె నుంచి సడక్ మీదికి పోవాలంటే ఉన్నది ఒక్కటే బాట. అది పటేలు ఇంటి అరుగు ముందునుంచి పోతుంది. ఊరి బయటుండే వాడకట్టు మనుషులెవరూ ఆ అరుగు ముందు అంగీ తొడుక్కుని నడవలేదు. అంగీ ఉన్నవాడు మలుపు దగ్గర విప్పి చంకన పెట్టుకోవాలి, ఊరు దాటాక తొడుక్కోవాలి. పోలీసు యాక్షన్ జరిగి అయిదేండ్లయింది. నిజాము రాజ్యం పోయింది, జాగీర్లు పోయాయి. ఆ అరుగు మాత్రం అక్కడే ఉంది. మూడు రోజుల కింద, పటేలు చెప్పిన పనులు చేసే సుంకరి కాటమయ్య వాడలోకి వచ్చి, జానయ్య ఇంట్లో కాలరూ గుండీలూ పెట్టి అంగీ కుడుతున్నారట, పటేలు చూడాలని ముచ్చట పడుతున్నాడని నలుగురికీ వినిపించేలా చెప్పిపోయాడు. ఆ రోజు నుంచి జానయ్యకు అన్నం సహించడం లేదు.

బిక్షమ్మ చిన్ననాడే తల్లిదండ్రులను పోగొట్టుకుని మహబూబ్‌నగర్ మిషను బోర్డింగులో పెరిగింది. అక్కడ కుట్టుపని నేర్పిన గోపమ్మ టీచరు కాజాల దగ్గర మాత్రం రాక్షసి. బట్ట మీద గీత గీసి, ఆ గీత చుట్టూ ముందు సన్నకుట్టు వేశాకే కత్తెర పెట్టనిచ్చేది. తెగిన అంచును చుట్టి కుట్టి, దాని మీద మైనం రాసిన దారంతో ముడి పక్కన ముడి, వెంట్రుక దూరనంత దగ్గరగా వేయించేది. రెండు కొసల్లోనూ నాలుగు పోగులు అడ్డంగా వేసి బిగించకపోతే మొత్తం విప్పించేది. లాగుడంతా ఆ కొసల మీదే పడుతుంది మరి! బట్టకు చిల్లు పెట్టినదానివి దానికి కావలి కూడా నువ్వే పెట్టాలనేది. బిక్షమ్మ చేతికి ఆ పని ఎంతగా అబ్బిందంటే, బోర్డింగు పిల్లల గౌన్లకూ, లాగులకూ, చివరికి పాదిరిగారి పొడవాటి తెల్ల అంగీకీ కాజాలు ఆమే కుట్టేది. పెండ్లినాడు గోపమ్మ టీచరు ఆమె చేతిలో పెట్టిన లాంగ్‌క్లాత్ ముక్కే ఇప్పుడు పెద్దులుకు అంగీ అయింది.

లోపలినుంచి అత్త పుల్లమ్మ వచ్చి కూలబడి శోకాలు మొదలుపెట్టింది. చదువుకున్న కోడలు వచ్చిందని సంబరపడితే ఇంటి మీదికి నిప్పు తెచ్చిందని, ఒక్కగానొక్క కొడుకును అంగీ కోసం చంపుకోవాలా అని తల బాదుకుంది. ఆ మాటలు ఒక్కొక్కటీ బిక్షమ్మకు సూదిలా దిగాయి. తల్లీ తండ్రీ లేని తనకు ఈ ఇల్లే పుట్టినిల్లూ, మెట్టినిల్లూ... ఈ ఇద్దరే అమ్మా, నాయినా. వాళ్లే తనను పాడుకాళ్లదాన్ని చేస్తే ఇంకెవరితో చెప్పుకోవాలి? కండ్లలో నీళ్లు తిరుగుతున్నా ఆమె సూదీ దారం తెచ్చుకుంది. ఇంట్లో కాదు, వాకిలి దాటి గల్లీలో రాయి మీద, అందరూ చూసేచోట కూర్చుని కాలరు మళ్లీ కుట్టడం మొదలుపెట్టింది.

“ఎవలకు భయపడి కోసినవ్ మామా?” అంది సూది ఆపకుండా. “కొయ్యుమని పటేలు అన్నడా?”

పుల్లమ్మ శోకం ఆపింది. కాసేపటికి గడప దిగి వచ్చి కోడలి పక్కన కూర్చుని, ఇన్నేళ్లూ ఆ ఇంట్లో ఎవరూ నోరెత్తని సంగతి మెల్లగా చెప్పింది. జానయ్య పెండ్లికొడుకుగా ఉన్నప్పుడు ఎవరో పట్నంలో పనిచేసే చుట్టం ఒక పాత కోటు ఇచ్చాడట. గుండీలున్న కోటు. పద్దెనిమిదేండ్ల పిల్లగాడు, మురిసిపోయి దాన్నే తొడుక్కుని ఊరేగింపులో నడిచాడు. అరుగు ముందుకు రాగానే ఇప్పటి పటేలు తండ్రి ఆపించాడు. కొట్టలేదు. జానయ్య తల్లిని పిలిపించి, కొడుకు ఒంటి మీదున్న ఆ కోటును ఆమె చేతులతోనే చింపించాడు. ఆమె ఒక్కొక్క పేలికా చింపుతుంటే పెండ్లిజనం తలలు వంచుకుని నిలబడ్డారు. తర్వాత ఆ తల్లి ఏడాది తిరగకుండానే చనిపోయింది. జానయ్య ఆనాటి నుంచి ఒంటి మీద అంగీ వేసుకోలేదు.

బిక్షమ్మ చేతిలోని సూది ఆగిపోయింది. మామ ఎండలోనూ చలిలోనూ ఉత్త ఒంటితో తిరగడం ఆయన అలవాటనుకుంది ఇన్నాళ్లూ!

గడపలోంచి జానయ్య గొంతు వినిపించింది. “అప్పుడు పటేలు చెప్పి చింపించిండు. ఇయ్యాల ఎవలు చెప్పకుంటనే నేను కోసిన...” అంటూ ఆయన రెండు అరచేతులూ ముందుకు చాచి, వాటిని ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. ఆ తర్వాత ఆ ముసలి మనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పుల్లమ్మ ఆయన వీపు మీద చెయ్యి వేసింది గాని ఊరుకొమ్మనలేదు.

సాయంత్రం పెద్దులు పనినుంచి వచ్చి సంగతంతా విన్నాడు. తండ్రి మీద కోపం తెచ్చుకోలేదు. అంగీని సంచిలో పెట్టుకుని పోతానని, ఊరు దాటాక తొడుక్కుంటానని, దాంతో గొడవ ఉండదని అన్నాడు. బిక్షమ్మ ఒప్పుకోలేదు. ఊరు దాటాక తొడుక్కునేదైతే తాను కుట్టలేదనుకో అంది. దెబ్బలు తినేది నువ్వు కాదుగా అని అతను కసిరాడు.

“నేను గూడ నీ ఎంబడి వస్త” అంది బిక్షమ్మ. “పడితె ఇద్దరికీ పడతయి.”

మర్నాడు ఆదివారం. ప్రార్థనకు పోయివచ్చి ఆమె కొత్త గుండీలు చేసింది. ఊళ్లో గుండీలు దొరికే అంగడి లేదు. గుడ్డ పేలికలను గట్టిగా చుట్టి, దారంతో అల్లి, గుండ్రంగా అయిదు తయారుచేసింది. మామ వేళ్లకు సాగిన కాజాను నీళ్లతో తడిపి సరిచేసి, మరో వరస ముడులు వేసింది. జానయ్య పక్కనే కూర్చుని చూస్తూ ఉన్నాడు. దారానికి మైనం తనే రాసి అందించాడు.

సోమవారం ఎండెక్కకముందే బయలుదేరారు. వాడంతా గల్లీలో నిలబడి చూసింది గాని వెంట ఎవరూ రాలేదు. ముందు జానయ్య... ఉత్త ఒంటితో, చేతికర్రతో. ఆయనను రమ్మని ఎవరూ అడగలేదు. వెనక తెల్ల అంగీలో పెద్దులు, మెడదాకా గుండీలు పెట్టుకుని. పక్కన బిక్షమ్మ. మలుపు దగ్గర, అందరూ అంగీ విప్పే చోట, పెద్దులు నడక తడబడింది. బిక్షమ్మ ఆగలేదు. అతనూ ఆగలేదు.

అరుగు మీద పటేలు పళ్లు తోముకుంటున్నాడు. కాటమయ్య మెట్ల మీంచి దిగి బాటకు అడ్డం వచ్చాడు.

“ఏంరా పెద్దులు, రివాజు మర్చినవా? అంగీ ఇప్పు.”

పెద్దులు చెయ్యి దానంతటదే పైగుండీ దగ్గరికి పోయింది. బిక్షమ్మ అది చూసింది. ఆ క్షణంలో ఆమె ప్రాణం ఆ వేళ్ల మీదే ఉంది. జానయ్య వెనక్కి తిరిగి కొడుకు చెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని కిందికి దించాడు.

“వాడు అంగీ ఇప్పడు” అన్నాడు అరుగు వైపు చూస్తూ. జీవితంలో మొదటిసారి చేతులు కట్టుకోకుండా మాట్లాడాడు. “నాడు మా అమ్మతోని చింపించిన్రు. నా కొడుకుది చింపుతందుకు నేను గాని, నా ఇంటిది గాని రాము. ఏం జేస్తరో నన్ను జెయ్యిండ్రి.”

కాటమయ్య పెద్దులు కాలరు మీదికి చెయ్యి చాచాడు. బిక్షమ్మ ఇద్దరి మధ్యకూ వచ్చి నిలబడింది.

“చెయ్యి ఎయ్యి. ఠాణాకు పోయి నీ పేరు, చెప్పినోళ్ల పేరు నేనే కాయితం మీద రాసిస్త. నాకు రాయనొస్తది.”

పటేలు పళ్లు తోముకోవడం ఆపి ఆమె వైపు చూశాడు. పల్లెలో ఆడది కాగితం సంగతి ఎత్తడం ఆయన విన్నది అదే మొదలు. కాలం ఎటు పోతున్నదో తెలియనంత అమాయకుడు కాడు. తుపుక్కున ఉమ్మి, పోనియ్యిరా అని లోపలికి వెళ్లిపోయాడు.

వాళ్లు నడిచారు. ఊరు దాటి, తుమ్మచెట్ల మధ్యకు వచ్చాక బిక్షమ్మ బాట మీదే కూలబడింది. అప్పుడు ఏడ్చింది, మూడు రోజుల ఏడుపూ ఒక్కసారే. పెద్దులు పక్కన కూర్చున్నాడు. నా చెయ్యి పైగుండీ దగ్గరికి పోయింది గదా, నువ్వు చూసినవా అని అడిగాడు. చూడలేదంది.

పటేలు ఊరికే ఉండలేదు. మర్నాడే జానయ్య పాలుకు చేస్తున్న పటేలు వాళ్ల చెలక వెనక్కి పోయింది. నలభై ఏండ్లు దున్నిన భూమి. ఊళ్లో ఎవరూ ఆ ఇంటివాళ్లను కూలికి పిలవవద్దని చెప్పారు. పెద్దులుకు సడక్ మీద వచ్చేది ఇంకా నలుగురికి చాలేది కాదు. ఆ ఎండాకాలం గంజి తాగిన రోజులే ఎక్కువ. పుల్లమ్మ పక్క ఊళ్లకు నడిచి కూలి చేసింది. అయినా కోడల్ని మళ్లీ ఒక్క మాట అనలేదు. ఒకరోజు తట్ట దించుతూ, ఆ కాజాలు కుట్టుడు నాక్కూడా చూపియ్యరాదే అంది. బిక్షమ్మ చూపించింది. తర్వాత ఎదురింటి సోమమ్మ వచ్చింది, ఆమె వెనక బీరమ్మ. వానలు పడేనాటికి వాడలో తొమ్మిది అంగీలకు గుండీలొచ్చాయి. ఏ ఒక్కటీ మలుపు దగ్గర విప్పలేదు.

పెద్దులుకు సడక్ పని స్థిరపడ్డాక మొదట తెచ్చింది రెండు గజాల చారల గుడ్డ. ఎవరి కోసమని బిక్షమ్మ అడగలేదు. ఎనిమిది రోజుల్లో కుట్టి మామ ముందు పెట్టింది. జానయ్య చాలాసేపు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత లేచి నిలబడి చేతులు దూర్చాడు. గుండీలు పెట్టడానికి బిక్షమ్మ దగ్గరికి పోబోయింది.

“ఉండు బిడ్డా. నేనే పెట్టుకుంట.”

ఆ మొద్దు వేళ్లకు గుండీ దొరకదు, దొరికితే కాజా కనబడదు. చెమటలు పట్టాయి. పుల్లమ్మ పక్కన నిలబడి చూస్తోంది. ఒక్కొక్కటే, ఒక్కొక్కటే... చివరి కాజాలో గుండీ దూరేసరికి ముసలాయన ముఖం వెలిగిపోయింది. కర్ర అందుకుని, కొట్టుదాకా పోయి చుట్టలు తెచ్చుకుంటానని బయటికి నడిచాడు.

అప్పుడు చూసింది బిక్షమ్మ. మొదటి గుండీ రెండో కాజాలో పెట్టాడు. అక్కడినుంచి అన్నీ ఒకటి తప్పి, కింద ఒక గుండీ మిగిలిపోయింది. అంగీ ఒకపక్క పైకి, ఒకపక్క కిందికి వేలాడుతోంది. పిలవబోయిన పుల్లమ్మ చెయ్యి పట్టుకుని ఆపింది ఆమె. జానయ్య తల నిటారుగా పెట్టుకుని, పటేలు అరుగు ముందునుంచి, ఎగుడుదిగుడు అంగీతో తాపీగా నడిచిపోతున్నాడు. అత్తా కోడళ్లిద్దరూ గల్లీ మొగదల నిలబడి, కండ్లు తుడుచుకుంటూ, ఆయన కనుమరుగయ్యేదాకా చూస్తూ ఉండిపోయారు.