కాకెంగిలి

"మళ్ళీ ఆకుపచ్చ కళ్ళేనా!" అంది వకుళ, చెవిగూడు సర్దుకుంటూ. "రాసుకో. నీ కథలో ఈ అబ్బాయిది భీమిలి. తండ్రిది వలల పని, తల్లిది చేపల బుట్ట. వీడికి ఆకుపచ్చ కళ్ళు ఎక్కణ్ణుంచి ఊడిపడ్డాయి? నల్లగా పెట్టు. నల్లకళ్ళవాణ్ణి ఏ పిల్లా ప్రేమించదని నీకెవరు చెప్పారు?"

"నమోదయింది," అంది చెవిలోని కథల యంత్రం, అనువు. దాని గొంతు ఎప్పుడూ ఒకే తీరుగా, గోరువెచ్చగా ఉంటుంది. "సొంతదనం బలంగా ఉంది. కొనసాగించండి."

"దగ్గరికొస్తే వీడి ఒంటినుంచి వానవాసన వచ్చిందన్నావు. ఈమధ్య నేను చదివిన ప్రేమకథలన్నిట్లోనూ కుర్రాళ్ళందరికీ ఇదే వాసన. రేవులో పనిచేసేవాడి దగ్గర చేపల వాసన వస్తుందయ్యా. ఆ వాసనతో సహా పిల్లకి నచ్చాడనుకో, అప్పుడు నేను నమ్ముతాను."

"నమోదయింది."

చవిశాలలో రోజూ ఇదే పని. కొండమీద గాజుగది, గదిలో వాలుకుర్చీ, ఒడిలో వెలుగాకు, చెవిలో అనువు. ఎదురుగోడమీద పెద్దపెద్ద అక్షరాలతో 'పుర్రెకో బుద్ధి, జిహ్వకో రుచి' అని రాసి ఉంటుంది. సముద్రం మింగగా మిగిలిన విశాఖ అంతా కిందికి కనిపిస్తూ ఉంటుంది. అక్కడి మేడల్లో, రేవుల్లో, తీగబండ్లలో కుర్రకారంతా ఎవరి వెలుగాకులో వాళ్ళు తలదూర్చి, ఎవరి కథ వాళ్ళు చదువుకుంటూ ఉంటారు. ఒకరికి వచ్చిన కథ ఇంకొకరికి రాదు. వకుళ చదివేది మాత్రం బీజప్రతి. అందులో ఏది బాగుందో, ఏది తగలడిందో ఆమె నోరారా చెప్పాక, ఆ బీజాన్ని అనువు ఎవరి నాలుకకు తగ్గట్టు వాళ్ళకి వండి వడ్డిస్తుంది. ఒకరికి పిల్ల పేరు మారుతుంది, ఒకరికి ఊరు మారుతుంది, ఒకరికి చచ్చినవాడు బతుకుతాడు. అందరికీ అన్నీ నచ్చుతాయి. అంతకన్నా ఏం కావాలి?

వకుళకిచ్చినవి రెండే అరలు. పొద్దున్న పడుచు ప్రేమలు, భోజనాలయ్యాక చెడురాజ్యాలు. నలభై దాటిన మనిషికి పదహారేళ్ళవాళ్ళ గోల ఎందుకని బంధువులు నవ్వేవారు. నవ్వడానికి కూడా ఇప్పుడెవరూ రావడం లేదనుకోండి.

చెడురాజ్యాల మీద ఆమెకున్న కోపం ఇంతా అంతా కాదు. "ప్రతి రాజ్యంలోనూ జనాన్ని ఐదు వాడలుగా విడగొడతావు. తెలివైనవాళ్ళ వాడ, ధైర్యవంతుల వాడ, బాగానే ఉంది. మరి అంట్లెవరు తోముతారు? ఏ వాడలోనూ కనిపించరే? పదహారేళ్ళ పిల్ల ప్రభుత్వాన్ని పడగొడుతుంది గాని, ఆ పిల్లని అన్నం తిన్నావా అని అడిగే దిక్కుండదు. అమ్మమ్మ అసలే ఉండదు. ఎందుకుంటుందిలే! అమ్మమ్మే ఉంటే, ఇంతెండలో గోడలెక్కి ఎక్కడికే నీ మొహం అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. నీ కథ అక్కడే ఆగిపోయేది," అని ఒకసారి ఊపిరి తిప్పుకోకుండా దులిపేసింది.

ప్రతి కథలోనూ ఉండే ఆ ఇద్దరబ్బాయిల సంగతి ఎత్తితే ఇంక ఆపలేం. పక్కింటివాడు జ్వరమొస్తే జావ తెస్తాడు. రెండోవాడు మూతి ముడుచుకుని గోడకి ఆనుకుని నిలబడతాడు. పిల్ల ఎప్పుడూ గోడవాణ్ణే కోరుకుంటుంది, జావవాడు చివర్లో తూటా తిని చచ్చిపోతాడు. వాడు చచ్చిపోతాడని మొదటి పేజీలోనే వకుళకి తెలిసిపోతుంది. తెలిసీ, వాడు చచ్చిపోయిన ప్రతిసారీ, చెవిగూడు తీసి పక్కన పెట్టి ఏడుస్తుంది. ఆ ఏడుపు అనువుకి వినిపించనివ్వదు. తిట్టుకుంటూ చదవడం, చదువుతూ ఏడవడం, ఇదీ ఆమె బతుకు. ఎంత చెత్త కథైనా కానివ్వండి, ఆ వయసులో మనిషికి ఇంకో మనిషి కావాలన్న సంగతి మాత్రం వాటికి బాగా తెలుసు. ఏ వయసులోనైనా కావాలన్న సంగతే వాటికింకా తెలియదు.

వకుళకి ఝాన్సీ అని స్నేహితురాలుండేది. చిన్నప్పుడు ఇద్దరికీ కలిపి ఒకే కాగితం పుస్తకం దొరికేది. జామకాయని కాకెంగిలి చేసుకున్నట్టే దాన్నీ పంచుకునేవారు. ఓణీ చెంగు అడ్డం పెట్టి కొరికితే అది ఎంగిలి కాదు కదా! ఝాన్సీ ముందు చదివి, తనకి నచ్చిన చోట గోటితో గీత పెట్టి ఇచ్చేది. ఆ గీత ఎందుకు పెట్టావే అని వకుళ పోట్లాడేది. ఆ పోట్లాటల కోసమే చదివేవారేమో కూడా. తర్వాత ఎవరికి వాళ్ళకి సొంతప్రతులొచ్చాయి. పోయినేడాది ఝాన్సీ ఇంటికొస్తే, ఇద్దరూ ఒకే పేరున్న నవల గురించి ఆశగా మాట్లాడుకోబోయారు. వకుళ దాంట్లో జావవాడు చచ్చిపోయాడు. ఝాన్సీ దాంట్లో వాడికి పెళ్ళై ఇద్దరు పిల్లలు. "ఓహో, అలాగా," అంది ఝాన్సీ. "బాగుంది," అంది వకుళ. కాఫీలు తాగారు. గుమ్మం దాటుతూ, "వెళ్ళొస్తానే," అంది ఝాన్సీ. మళ్ళీ రాలేదు. అలిగి కాదు. వచ్చి ఏం మాట్లాడాలి?

అందుకే వకుళ ఈ ఉద్యోగాన్ని ఉడుంపట్టు పట్టింది. ప్రతి బీజాన్నీ ఇద్దరు చవిదారులు చదువుతారు. ఆ రెండో చవి ఎవరో ఆమెకి తెలియదు, తెలియకూడదు. కానీ ఎక్కడో ఇంకో గదిలో, ఆవేళే, అదే పేజీ మీద ఇంకో మనిషి కళ్ళున్నాయి. ఆమెకి మిగిలిన తోడు అదొక్కటే.

ఆవేళ మధ్యాహ్నం వచ్చిన బీజం పేరు 'అటువైపు'. నగరం చుట్టూ గోడ, గోడకో ద్వారం. దాటినవాళ్ళు తిరిగిరారు. చిత్ర అనే పిల్ల తన తమ్ముడి బదులు తాను దాటడానికి ఒప్పుకుంటుంది. ద్వారం దగ్గర రంగ అనే కుర్రవాడు నిలబడి ఉంటాడు. చిత్ర వాడి వైపు చూసి, "వెళ్ళొస్తా," అంటుంది. రంగ ఏమీ అనడు. ద్వారం మూసుకుంటుంది.

"ఇక్కడొక యథార్థదోషం ఉంది," అంది అనువు. "దాటినవారు తిరిగిరారని పాత్రకు తెలుసు. కాబట్టి 'వెళ్ళొస్తా' అసత్యం. 'వెళ్తున్నాను' అని సవరించాలని ప్రతిపాదన."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది. గుమ్మంలో నిలబడి 'వెళ్తున్నాను' అంటే మా అమ్మ నోటిమీద ఒక్కటిచ్చేది. చావింటి నుంచి మాత్రమే మేం చెప్పకుండా లేచొచ్చేస్తాం. మిగతా ఎక్కడికెళ్ళినా, ఎంత దూరమెళ్ళినా, వెళ్ళొస్తాననే అంటాం."

"రాలేనని తెలిసినా?"

"తెలిస్తే మరీ అంటాం."

అనువు ఆలోచిస్తుందని వకుళ ఎన్నడూ అనుకోలేదు. లెక్కలేవో కట్టుకుంటుందనే అనుకునేది.

"రెండో చవిదారు కూడా ఆ మాట ఉంచమన్నారు," అంది అనువు. "అయితే దానికి ఒక జవాబు చేర్చమన్నారు. కొత్త వాక్యం కాబట్టి మీకు వినిపించాలి. రంగ మౌనంగా ఉన్నచోట ఇలా అనాలట: 'రాకపోతే నేనే వచ్చి తిడతా.' మీ భిన్నాభిప్రాయం చెప్పండి."

వకుళకి ముందు నవ్వొచ్చింది. గాజుగదిలో ఒంటరిగా, పక్కనెవరో చక్కిలిగింత పెట్టినట్టు పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు నిండిపోయాయి. ఆ కుర్రవాడు అనాల్సింది అదే. పట్టుకుని ఏడవడం కాదు, నీకోసం లోకాన్ని తగలబెడతాననడం కాదు. వచ్చి తిడతా. ఈ మాట తనకెందుకు తట్టలేదు?

"ఎవరది?" అంది.

"చెప్పకూడదు."

"ఆడా, మగా?"

"చెప్పకూడదు."

"పోనీ, ఏ ఊరో చెప్పు."

"తెలుగు చదువుతారు."

"అదెలాగూ తెలుస్తూనే ఉంది!" అని కళ్ళు తుడుచుకుంది వకుళ. "సరే, రాసుకో. నాదీ అదే మాట. రాకపోతే నేనే వచ్చి తిడతా."

"దయచేసి మీ సొంత అభిప్రాయం చెప్పండి."

"ఇదే నా సొంత అభిప్రాయం."

"ఇది రెండో చవిదారు అభిప్రాయం. మీరు తిరిగి చెప్పారు. దీనిని ఎంగిలి చవిగా పరిగణించవలసి వస్తుంది. ఎంగిలి చవికి అర్హత రద్దవుతుంది. మరొకసారి ఆలోచించండి."

ఆ మాట అనువు నోట పడిందో లేదో తలుపు తోసుకుని సన్యాసిరావు వచ్చేశాడు. ఆ అంతస్తుకి పెద్ద ఆయనే. మంచివాడే గాని, గట్టిగా ఎవరైనా తుమ్మినా కంగారుపడతాడు.

"ఏటమ్మా వకుళమ్మా, ఏటీ పని? ఎంగిలి పడిందని నా చెవిలో ఒకటే మోత! ఒక్క ముక్క మార్చి చెప్పీ. 'తిడతా' బదులు 'కొడతా' అన్నావనుకో, ఏటి పోయింది? నీ మాట నీదయిపోద్ది, నీ కుర్చీ నీకుంటాది."

"మారిస్తే ఏమవుతుందండీ?"

"ఏటవుద్ది? రెండిటికీ మధ్యన ఏదో ఒకటి పడుద్ది. అనువు చూసుకుంటాది."

ఆ చూసుకోవడం ఎలా ఉంటుందో వకుళకి తెలుసు. తిట్టడానికీ కొట్టడానికీ నడుమ 'నేనూ వస్తాను' అని ఒక చప్పిడి మాట తయారవుతుంది. తర్వాత ఒక్కొక్క ప్రతిలో అదీ కరిగిపోతుంది. ఒకడు 'ఎదురుచూస్తుంటా' అంటాడు. ఒకడు ముద్దు పెడతాడు. ఒకడు ఏమీ అనడు.

"మార్చకపోతే?"

సన్యాసిరావు తల గోక్కున్నాడు. "అదే కదమ్మా తంటా. రెండు నోళ్ళు అచ్చరం తేడా లేకుండా ఒకటే మాటంటే ఆ వాక్యం బిగిసిపోద్ది. ఏ ప్రతిలోనూ కదపడానికుండదు. ఎప్పటిదో పాత నిబంధన. ఎవుడూ వాడలేదు గనక ఎవుడూ తీసీలేదు."

"అంటే అందరి పుస్తకాల్లోనూ అదే ఉంటుందా? అందరికీ?"

"అందరికీనమ్మా. గాని నువ్వుండవు కదా ఇక్కడ! ఇంటికెళ్ళి అందరిలాగే సొంతప్రతి చదువుకోవాల. నీకది ఇష్టమేటి?"

ఇష్టం కాదు. ఈ కుర్చీ పోతే ఆ రెండో మనిషీ పోతుంది. ఇంటికెళ్ళాక తనకి నచ్చేదే వస్తుంది, రోజూ వస్తుంది. జావవాడు ఎప్పటికీ చావడు. వాడు బతికాడని చెప్పుకోడానికి ఒక్కరూ ఉండరు.

"ముందు ఈ మాటన్నవాళ్ళకేమైనా అవుతుందా?" అంది.

"వాళ్ళకేటీ అవదు. ఎంగిలి తిన్నోళ్ళకే."

వకుళ చెవిగూడు సరిగ్గా పెట్టుకుంది.

"అనువూ, ఇది ఎంగిలి కాదు. కాకెంగిలి."

"ఆ పదం నిబంధనల్లో లేదు."

"లేకపోతే చేర్చుకో. ఇష్టమైనవాళ్ళు కొరికిచ్చింది ఎంగిలి కాదు. ఎదుటివాళ్ళు తిన్నదే తినాలనిపించినప్పుడు చేసేది అది. నా అభిప్రాయం చెబుతున్నాను, అక్షరం మార్చకుండా రాసుకో. రాకపోతే నేనే వచ్చి తిడతా."

సన్యాసిరావు కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడ్డాడు.

"నమోదయింది," అంది అనువు. తర్వాత, ఎన్నడూ లేనిది, ఎవరూ అడక్కుండానే ఇంకో మాట అంది. "వాక్యం బిగిసింది."

'అటువైపు' బయటికొచ్చేసరికి వకుళ ఉద్యోగం పోయి చాలా రోజులైంది. ఇంట్లో వెలుగాకు ఆమె మనసెరిగి మంచి మంచి కథలిచ్చింది. అన్నిట్లోనూ అమ్మమ్మలున్నారు, అంట్లు తోమేవాళ్ళున్నారు, కుర్రాళ్ళందరివీ నల్లకళ్ళే. ఆమె అడిగినవన్నీ ఉన్నాయి. నాలుగు పేజీలు చదివేసరికి వెక్కసమేసి పక్కన పడేసేది. తిట్టుకోవడానికి కూడా ఏమీ మిగల్లేదు మరి. ఇల్లు మూగపోయింది. ఒక్కోసారి వంటింట్లో పైకి మాట్లాడబోయి, నమోదయింది అనేవాళ్ళు లేరని గుర్తొచ్చి ఊరుకునేది.

ఒకరోజు పొద్దున్నే లేచి, సంచీలో జామకాయలు వేసుకుని తీగబండి ఎక్కింది.

బండిలో యథాప్రకారం ఎవరి ఆకులో వాళ్ళున్నారు. ఎదురుసీట్లో ఒక పిల్ల చదవడం ఆపి, కిటికీలోంచి సముద్రం వైపు చూస్తూ, "వెళ్ళొస్తా," అని తనలో తాను గొణుక్కుంది.

అవతలి వరసలో ఎవరో కుర్రవాడు, ఆ పిల్లెవరో కూడా తెలియనివాడు, తల ఎత్తకుండానే అనేశాడు. "రాకపోతే నేనే వచ్చి తిడతా."

అని ఉలిక్కిపడ్డాడు. పిల్ల గిరుక్కున తిరిగింది.

"నీ దాంట్లోనూ ఉందేటి?"

"నీ దాంట్లో కూడా ఉన్నాదా?"

బండిలో ఇంకో రెండు తలలు లేచాయి. మరుక్షణం పిల్లా కుర్రవాడూ వాదనలో పడ్డారు. చిత్ర తిరిగొచ్చిందని పిల్ల అంది. అబద్ధం, రంగే గోడ దూకాడని వాడన్నాడు. నీది తప్పంటే నీది తప్పని గొంతులు లేచాయి. వకుళకి ఆ గోల ఎంత బాగుందో! ఇన్నేళ్ళలో ఏ పుస్తకమూ ఆమెకి ఇంత బాగనిపించలేదు.

"మీ దాంట్లో ఏటయిందండీ?" అని పిల్ల వకుళనే అడిగింది.

"నా దాంట్లో చిత్ర ఇంకా రాలేదమ్మా," అంది వకుళ. బండి ఆగుతుంటే సంచీ భుజాన వేసుకుని లేచింది. "ఝాన్సీ అని నాకో స్నేహితురాలుంది. వెళ్ళొస్తానని పోయి ఏడాదైంది. తిట్టడానికి వెళ్తున్నా."

అంటూనే నాలుక కరుచుకుని, గుమ్మంలో ఆగి వెనక్కి తిరిగింది.

"వెళ్ళొస్తా," అంది.

"రాకపోతే మేమే వచ్చి తిడతాం!" అని అరిచారు లోపల్నుంచి.