పిలిస్తే వచ్చిన చేప

బస్తర్ రాజ్యం నాటి మాట. నాకప్పుడు పాలపళ్లు ఊడే వయసు. కోంటాలో శబరి ఒడ్డున దోమల డాక్టరు బంగళా ఒకటి ఉండేది. వరండాలో గాజుతొట్టి, అందులో గోరంత గోరంత చేపలు. గప్పీలు అనేవాడాయన. దోమపిల్లల్ని తింటాయట. వాటిని సాకే పని మా చిన్నమ్మ బుల్లమ్మది. ముందురోజే కుండలో పట్టి తేర్చిన నీళ్లు పోసేది, చిటికెడు పిండి చల్లేది. ఈ చేపలు గుడ్లు పెట్టవు, పిల్లల్నే ఈనుతాయి. ఈనిన తల్లే పిల్లల్ని మింగేస్తుంది. అందుకని పొట్ట నల్లబడ్డ ఆడచేపను వేరే గిన్నెలోకి తీసేది. ఆడవి బూడిదరంగు. రంగులన్నీ మగవాటికే. ఎంత వింతో.

పిల్లలు పెరిగితే ఊరి నీటిగుంటల్లో వదలమని డాక్టరు చెప్పాడు. చిన్నమ్మ వదల్లేదు. అవంటే ఆమెకు అంత ముద్దు.

ఊళ్లోంచి ఇర్మె అనే ఆవిడ కూతురు ఆయతి రోజూ వచ్చేది. ఎర్రపావడా, ముక్కు కారే పిల్ల. గాజు మీద వేలు పెడితే ఎర్రతోక చేప ఒకటి ఆ వేలి దగ్గరికే వచ్చేది.

“ఒక్కటియ్యవా అత్తా. మా గుంటల ఏసుకుంట.”

“మీ గుంటల కప్పలు మింగుతయ్. ముక్కు తుడుచుకో పో.”

వానల్లో దోమలు కమ్మాయి. ఆయతికి చలిజ్వరం వచ్చింది. ఒళ్లు పెనంలా కాలి కాలి... పోయింది.

ఇర్మె వాళ్లింట్లో ఒక ఆచారం. పోయినవాళ్లను వాగులో నిలబడి పేరు పెట్టి పిలుస్తారు. కొత్తకుండలోకి వచ్చిన చేపే ఆ మనిషి జీవం. ఇంటికి తెచ్చుకుంటారు. రాకపోతే ఆ జీవం నీళ్లల్లోనే దిక్కులేక తిరుగుతుందట.

ఇర్మె నడుంలోతు నీళ్లలో పిలుస్తూనే ఉంది. కుండలోకి ఉత్తనీళ్లే. గొంతు పోయింది. చిన్నమ్మ చూడలేకపోయింది. బంగళాకి పరుగెత్తి ఎర్రతోకదాన్ని చెంబులోకి పట్టింది. చెంబు మోసింది నేనే. తుప్పల చాటున, కాస్త ఎగువన వదిలాం.

నేరుగా కుండలోకి వెళ్లింది.

“ఎర్రపావడాతోనే వచ్చింది నా బిడ్డ,” అని ఇర్మె నవ్వుతూ ఏడ్చింది.

“ఎవ్వరికీ చెప్పకే,” అంది చిన్నమ్మ నా చెవిలో. “అది మగచేప గూడా.”

మర్నాడు మునిమాపువేళ ఇర్మె బంగళాకి వచ్చింది.

“వదినా, ఒక్కసారి రా. బిడ్డ నిన్ను అడుగుతాంది.”

వెళ్లాం. గుడిసెలో మసక. తడిమట్టి వాసన. మూలన కుండ. లోపల ఏదో గీరుతున్న చప్పుడు... గోళ్లతో గీరినట్టు.

చిన్నమ్మ వంగింది.

కుండ నిండా పిల్లలు. చుక్కలంత నల్లటి కళ్లు. ఆ ఇంటికి వెళ్లింది ఎర్రతోకది ఒక్కటే. మగది ఈనదు...

చిన్నమ్మ వేలు కుండ అంచుకు తగిలింది. అన్నీ ఒక్కసారిగా ఆ వేలి దగ్గరికి వచ్చాయి.

“ఇర్మే... అది మా తొట్టిలదే,” అని గొణిగింది చిన్నమ్మ.

“తెలుసు వదినా. బిడ్డ చెప్పింది.”

ఇర్మె మొహంలో కోపం లేదు. కుండలో చెయ్యి పెట్టి ఎర్రతోకదాన్ని మెల్లగా తీసింది.

“అత్తకు ఒక్కటియ్యమంటాంది.”

చిన్నమ్మ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇర్మె దాన్ని నా దోసిట్లో వేసింది.

నీళ్లలోంచి తీసిన చేప చల్లగా ఉండాలి కదా... అది కాలుతోంది. జ్వరమొచ్చిన పిల్ల నుదురులా.