హ్యాండిల్‌కి కట్టిన తెల్ల గుడ్డ

ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి, పెరట్లో కుళాయి పక్కన, తూనీగ ఒక నేరం చేసింది.

సాక్షులు లేరు. గోడ మీద పక్కింటి పిల్లి ఉంది కానీ, అది నిద్రపోతోంది.

తూనీగకి అసలు పేరు వేరే ఉంది. ఒక్కచోట కుదురుగా నిలవదని ఇంట్లో అలా పిలుస్తారు. పదకొండేళ్లు. ఆ రోజు పొద్దున బురద సైకిల్ పందెంలో మూడోదిగా వచ్చింది. దాన్ని సైక్లోక్రాస్ అంటారు. రోడ్డు మీద కాదు, గడ్డిలో, ఇసుకలో, బురదలో తొక్కాలి. మధ్యలో చెక్కలు అడ్డం పెడతారు. అక్కడ దిగి, సైకిల్‌ని భుజాన వేసుకుని పరిగెత్తాలి. పందెం అయ్యేసరికి సొంత తల్లి కూడా పిల్లల్ని గుర్తుపట్టలేదు.

ఇంట్లో పందేలకి వెళ్లేవాళ్లు ఇద్దరు. సైకిల్ ఒక్కటే. తూనీగ తన వయసుకి పొడుగు. పదిహేనేళ్ల అక్క తన వయసుకి పొట్టి. సీటు ఒక్క అంగుళం అటూ ఇటూ జరిపితే ఇద్దరికీ సరిపోతుంది.

"నువ్వు ఇంకో అంగుళం పెరిగావో, నీ సంగతి చెప్తా," అని అక్క అప్పుడప్పుడూ బెదిరిస్తుంది.

ఆ సైకిల్ విషయంలో అమ్మ పెట్టిన రూలు ఒకటుంది. చివర తొక్కినవాళ్లే కడగాలి. మట్టంతా పోయాక, ఆయిలు వేసే ముందు, చైనుని ఒక తెల్ల గుడ్డలో పట్టుకుని ఓ చుట్టు తిప్పాలి. గుడ్డకి నలుపు అంటకపోతే ఆయిలు వేసి, ఆ గుడ్డనే హ్యాండిల్‌కి కట్టాలి. గుడ్డ కనిపిస్తే రెండోవాళ్లు ఇంకేమీ అడగనక్కర్లేదు. ఎక్కి తొక్కడమే.

అమ్మ పళ్ల డాక్టరు దగ్గర నర్సు. పాత తెల్ల కోట్లు కత్తిరించి, ఇస్త్రీ చేసి, పెరటి తలుపు వెనక సంచిలో పెడుతుంది. పాత టూత్‌బ్రష్‌లకి కూడా ఆ ఇంట్లో కొదవ లేదు.

ఇక నేరం సంగతి.

తూనీగ పైపుతో నీళ్లు కొట్టింది. ఎర్ర రంగు ఫ్రేము తళతళలాడింది. చక్రాలు మెరిశాయి. మిగిలింది చైను. అదే అసలు పని. కిరసనాయిల్లో ముంచిన టూత్‌బ్రష్‌తో ఒక్కో లింకూ రుద్దాలి. మొత్తం నూట పద్నాలుగు లింకులు. తర్వాత కడిగి, ఆరబెట్టి, ఒక్కో లింకుకి ఒక్కో చుక్క ఆయిలు వేయాలి.

తూనీగ ఆరు లింకులు రుద్దింది.

సరిగ్గా అప్పుడే గేటు దగ్గర గోలీ ప్రత్యక్షమయ్యాడు. గోలీ అంటే వెనక వీధిలో ఉండే క్లాస్‌మేట్. గుండ్రటి మొహం, గుండ్రటి కళ్లు.

"ఏయ్ తూనీగా! మా కుక్కపిల్లలు కళ్లు తెరిచాయి! ఒకటైతే నన్ను చూసి మళ్లీ మూసేసుకుంది!"

"నిన్ను చూస్తే ఎవరైనా మూసుకుంటారు. అరగంట ఆగు, వస్తా."

"అరగంటలో మళ్లీ నిద్రపోతాయి. నీ ఇష్టం."

తూనీగ చైను వంక చూసింది. గేటు వంక చూసింది. ఆయిలు డబ్బా తీసుకుని, బురద మీదే చైను పొడుగునా ధారగా పోసేసింది. చైను నల్లగా నిగనిగలాడింది. సంచిలోంచి ఒక కొత్త గుడ్డ లాగి, చైనుకి తగలకుండా, హ్యాండిల్‌కి ముడేసింది.

రేపు సరిగ్గా చేద్దాంలే అనుకుంది. పరిగెత్తింది.

మంగళవారం ఒకసారి గుర్తొచ్చింది. రేపు చూద్దాంలే అనుకుంది. శుక్రవారం మళ్లీ గుర్తొచ్చింది. ఇప్పుడు గుడ్డ విప్పితే ఎందుకని అక్క అడుగుతుంది కదా అనుకుంది. అక్కకి ఆ వారమంతా పరీక్షలు. సైకిల్ ముట్టుకోలేదు.

*

ఆదివారం వచ్చింది. అక్క పందెం.

అది మామూలు పందెం కాదు. మొదటి ముగ్గురిని పెద్ద జట్టులోకి తీసుకుంటారు. మూడు వారాల తర్వాత ఇంకో పందెం పెట్టి, అందులోంచి మరో ముగ్గురిని. అంతే. ఆ జట్టు కోసం అక్క రెండేళ్లుగా తెల్లవారకముందే లేచి మెట్లు ఎక్కి దిగుతోంది.

అక్క సీటు అంగుళం దించింది. హ్యాండిల్‌కున్న తెల్ల గుడ్డ విప్పి జేబులో పెట్టుకుంది. చైను వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

"థాంక్సే," అని తూనీగ నెత్తి మీద చిన్నగా ఒకటి కొట్టి వెళ్లిపోయింది.

తూనీగ అక్క వెనకాలే రెండడుగులు వేసింది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. కానీ విజిల్ మోగింది.

మొత్తం నాలుగు రౌండ్లు. మొదటి రౌండులో అక్క అయిదో స్థానం. రెండో రౌండులో మూడు. మూడో రౌండులో రెండు! అమ్మ అరుస్తోంది. గోలీ గెంతుతున్నాడు. తూనీగ మాత్రం చెవులు రిక్కించి వింటోంది.

కర్ర్... కర్ర్... కర్ర్...

అక్క మలుపు తిరిగి, ఎత్తు ఎక్కడానికి గేరు మార్చింది.

టప్!

చైను ఇరుక్కుపోయింది. పెడల్ ముందుకీ పోదు, వెనక్కీ రాదు. ఒకరు దాటారు. ఇద్దరు. అయిదుగురు. అక్క దిగి, చైనుని చేత్తో లాగింది, గుంజింది. రాలేదు. సైకిల్‌ని ఎత్తి భుజాన వేసుకుంది. పరుగు మొదలుపెట్టింది. ఒకటిన్నర రౌండు, ఆ బురదలో, అంత బరువుతో, పరిగెత్తుతూనే పూర్తి చేసింది.

పద్నాలుగో స్థానం.

"గేరు నేనే తప్పుగా మార్చినట్టున్నాను," అంది అక్క, రొప్పుతూ. ఆ మాట వినగానే తూనీగకి ఏడుపొచ్చింది.

*

మర్నాడు సాయంత్రం ముగ్గురూ సైకిల్ తోసుకుంటూ రిపేరు బాబాయ్ కొట్టుకి వెళ్లారు. ముగ్గురంటే అక్క, తూనీగ, పిలవకపోయినా వచ్చిన గోలీ. బాబాయ్ ఎవరికీ చుట్టం కాదు. వీధిలో పిల్లలందరికీ బాబాయే.

ఆయన చైను విప్పి పాత పేపరు మీద పెట్టాడు. వెనక చక్రం దగ్గర గేర్లు మార్చే చెయ్యి ఒకటి వేలాడుతూ ఉంటుంది. అందులో రెండు చిన్న పళ్ల చక్రాలుంటాయి. వాటి చుట్టూ ఎండిన గడ్డి తాడులా బిగుసుకుని ఉంది. బాబాయ్ చైను మీది నల్లటి జిగురు కొంచెం తీసి, రెండు వేళ్ల మధ్య నలిపాడు. గరగరమంది.

"ఇది ఆయిలు కాదమ్మా. ఇసుక పేస్టు. బురద మీద ఆయిలు పోస్తే గరుకు కాగితం పెట్టి రుద్దినట్టే. ఇనుముని ఇనుమే తినేస్తుంది. ఎవరు కడిగారు దీన్ని?"

"మా చెల్లి," అంది అక్క. "కానీ అది సరిగ్గానే కడిగింది బాబాయ్. గుడ్డ కూడా కట్టింది. అది గుడ్డ కట్టిందంటే కడిగినట్టే."

తూనీగ తన చెప్పుల వైపు చూసుకుంది. గోలీ నోరు మూసుకున్నాడు. అది చాలా అరుదు.

"అక్కా," అంది తూనీగ. "ఆ గుడ్డ నేను చైనుకి తాకించనే లేదు."

అక్క జేబులోంచి గుడ్డ తీసింది. నిన్నటి బురద మరకలు అంచుల మీద ఉన్నాయి. మధ్యలో ఇస్త్రీ మడత అలాగే ఉంది.

"అవును. మడత కూడా పోలేదు," అంది మెల్లగా. "నేనే చూసుకోవాల్సింది."

తిట్టలేదు. కొట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికొచ్చాక అమ్మ అంతా విని, గిన్నెలు తుడుస్తూ అంది, "మా డాక్టరు గారి దగ్గరికొచ్చే పిల్లలందరూ ఆ రోజు పొద్దున మాత్రం గట్టిగా పళ్లు తోముకుని వస్తారు. నోరు తెరవగానే ముందు పళ్లు మిలమిల. ఆయన చిన్న అద్దం తీసి లోపల చూస్తారు. ఇహ చూడాలి వాళ్ల మొహాలు."

"నా మొహం ఎలా ఉంది?" అంది తూనీగ.

"అచ్చం అలాగే ఉంది. రా, అన్నం తిను."

*

బాబాయ్ కొత్త చైను వేశాడు. ఆ రోజు నుంచి తూనీగ స్కూలు అవగానే ఆయన కొట్లో కూర్చునేది. ఏ సైకిలొచ్చినా చైను తనే రుద్దేది.

"ఎక్కడ మొదలెట్టానో మర్చిపోతున్నా బాబాయ్."

"ఇదిగో, ఈ మెరిసే లింకు చూశావా? చైను రెండు కొసలూ కలిసేది ఇక్కడే. ఇక్కడ మొదలెట్టు, మళ్లీ ఇక్కడికే రా. హా, చుక్క చాలు! ధారగా పోయడానికి అదేమన్నా మొక్కా?"

ఇంట్లో సైకిల్ కూడా శుభ్రంగా కడిగేది. గుడ్డ కట్టేది. అక్క ఆ గుడ్డ విప్పేది. కానీ దాని వైపు చూసేది కాదు. వంగి, చైను మీద తన వేలు పెట్టి రాసి, ఆ వేలు చూసుకునేది. తర్వాతే ఎక్కేది. మామూలుగానే మాట్లాడేది, జోకులేసేది, జడ లాగేది. ఆ వేలు మాత్రం రోజూ చూసుకునేది.



*

మూడు వారాల తర్వాత రెండో పందెం. ముందు రోజంతా వాన. మైదానం మొత్తం పాయసంలా ఉంది.

చిన్నపిల్లల పందెం పదకొండున్నరకి. అక్కది ఒంటిగంటకి. సైకిల్ ఒక్కటే!

తూనీగ రెండోదిగా వచ్చింది. గీత దాటిన మరుక్షణం ఆగకుండా నేరుగా నీళ్ల కుళాయి దగ్గరికి తోసుకుపోయింది. బకెట్, బ్రష్, కిరసనాయిలు. మెరిసే లింకు వెతికింది. ఒకటి. రెండు. మూడు.

ఇరవై ఎనిమిదో లింకు దగ్గర గోలీ ఊడిపడ్డాడు. "నీ పేరు పిలుస్తున్నారే! మెడల్ ఇస్తున్నారు! ఫొటో కూడా!"

"నా బదులు నువ్వెళ్లు. ముప్పై."

"నేను నువ్వంటే నమ్ముతారా?"

"మొహానికి బురద పూసుకో. ఎవరూ గుర్తుపట్టరు. ముప్పై ఒకటి."

గోలీ ఒక్క క్షణం ఆలోచించాడు. ఇలాంటి అవకాశం జీవితంలో మళ్లీ రాదనుకున్నాడేమో, రెండు చేతులా బురద తీసి మొహానికి పూసుకుని పరిగెత్తాడు.

గేర్ల చెయ్యిలోంచి గడ్డి పీకడానికే చాలా సమయం పట్టింది. పన్నెండు నలభైకి డెబ్బై నాలుగో లింకు. తూనీగ తెల్ల గుడ్డ తీసి, చైనుని పట్టుకుని తిప్పింది. గుడ్డ నల్లబడింది.

ఇంటి నుంచి తెచ్చిన సంచిలో ఇంకో గుడ్డ ఉంది. తెల్లటిది. మడత నలగనిది.

తూనీగ దాని వైపు చూడను కూడా చూడలేదు. ఆ నల్ల గుడ్డనే హ్యాండిల్‌కి కట్టి, సైకిల్‌ని అక్క దగ్గరికి తోసుకెళ్లింది.

అక్క హెల్మెట్ పెట్టుకుంటోంది. "ఇదేంటే, నల్లగా ఉంది?"

"పూర్తవలేదక్కా. గడ్డి తీసేశాను. డెబ్బై నాలుగు లింకులు అయ్యాయి. నలభై మిగిలాయి. ఆయిలు వేయలేదు."

అక్క గుడ్డ వంక చూసింది. వంగింది. చైను వైపు వేలు చాపింది. చాపిన వేలు మధ్యలోనే ఆగింది. వెనక్కి తీసుకుంది.

"బ్రష్ ఇటివ్వు. నువ్వు పెడల్ తిప్పు. ఎక్కణ్నుంచి?"

"డెబ్బై అయిదు!"

అక్క రుద్దింది. తూనీగ తిప్పింది. అమ్మ పరిగెత్తుకొచ్చి నీళ్లు పోసింది. తుడిచారు, ఆరబెట్టారు. అక్క లెక్కపెడుతుంటే తూనీగ చుక్కలు వేసింది. మైకులో పోటీదార్లని పిలుస్తుండగా నూట పద్నాలుగో చుక్క పడింది.

తూనీగ సంచిలోని తెల్ల గుడ్డతో చైనుని ఆఖరిసారి మెత్తగా ఒత్తి, పైన మిగిలిన ఆయిలు తుడిచి, హ్యాండిల్‌కి కట్టబోయింది.

"అది కాదు," అంది అక్క. "ఆ నల్లదే ఇవ్వు."

దాన్ని జేబులో కుక్కుకుని వెళ్లిపోయింది.

నాలుగు రౌండ్లు. నాలుగుసార్లు అక్క తూనీగ ముందు నుంచి దూసుకుపోయింది. టైర్ల కింద బురద చప్పుడు, అక్క ఊపిరి చప్పుడు, జనం అరుపులు. చైను మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు.

ఒళ్లంతా బురదతో అక్క తిరిగొచ్చింది. కళ్లూ పళ్లూ తప్ప ఏమీ కనిపించడం లేదు. అమ్మ కళ్లు తుడుచుకుంటోంది. పక్కన గోలీ మెళ్లో మెడల్ వేసుకుని, ఎవరో పెద్దాయన అభినందిస్తుంటే బుద్ధిగా తలూపుతున్నాడు.

"ఏమే, ఎన్నో స్థానమో అడగవా?" అంది అక్క.

"మైకులో చెప్పారుగా. మూడు. పెద్ద జట్టు." తూనీగ అప్పటికే బకెట్ నింపేసింది. "ముందు సైకిల్ ఇటివ్వు. బురద ఆరిపోతోంది."