మిట్టమధ్యాహ్నపు వంతు

మే నెలలో, బొగ్గు గనుల ఊరు ఘుగ్గుస్‌లో పన్నెండు దాటిందంటే కుక్క కూడా వీధిలో నిలవదు. గని కాలనీలో తలుపులన్నీ మూసి ఉంటాయి, లోపల కూలర్లు గుర్రుమంటుంటాయి. అలాంటి వేళ కస్తూరి తడి తువ్వాలు తలకు చుట్టుకుని, రేకుల కప్పు వేసిన చిన్న చర్చిలోకి వెళ్ళి, మోకాళ్ళ మీద ఉన్న బాలమ్మ భుజం తట్టింది. ముసలమ్మ గోడ పట్టుకుని లేచి, మూలుగుతూ ఇంటిదారి పట్టింది.

అదే చర్చికి వచ్చే రాబిన్సన్ కూతురు అర్చనకు నాలుగేళ్ళు. మూడు రోజులుగా చంద్రపూర్ దవాఖానలో కళ్ళు తెరవడం లేదు. ఆ పాప కోసం చర్చి సంఘం గొలుసు ప్రార్థన పెట్టుకుంది. రాత్రింబవళ్ళు గంటకొకరు. తర్వాతివాళ్ళు వచ్చి భుజం తట్టేదాకా ముందువాళ్ళు లేవకూడదు, కళ్ళు తెరవకూడదు. గొలుసు తెగకూడదు.

మిట్టమధ్యాహ్నపు వంతు ఎప్పుడూ కస్తూరికే రాస్తారు. ఇంట్లో అన్నం పెట్టమని అడిగేవాళ్ళు లేరు కదా! ఇలాంటివి సంఘానికి బాగానే గుర్తుంటాయి. ఆమె కూడా కాదనదు. ఇంట్లో ఉంటే మాత్రం పలకరించేదెవరు?

ఎవరికీ తెలియనిది ఒకటుంది. తొమ్మిది నెలలుగా ఆమె ప్రార్థన పెదవుల మీదే ఆగిపోయింది. భర్త సాలోమోను ఊపిరితిత్తులు పాడై మంచాన పడినప్పుడు, ఇదే నేల మీద ఇరవై ఒక్క రోజులు ఉపవాసముండి ఏడ్చింది. ఇరవై రెండో రోజు అతను పోయాడు. ఇవాళ్టి గంట ఆ పసిదాని కోసం, ఇక చాలు, ఇదే ఆఖరు అనుకుని మోకరించి కళ్ళు మూసుకుంది.

ఎండకు రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి. మొదట్లో దూరంగా లారీల చప్పుడు వినిపించింది. తర్వాత అదీ ఆగింది. రేకులు కూడా ఆగాయి.

వెనక ఎవరో చెప్పులు విడిచారు.

"లే అక్కా. నా వంతొచ్చింది."

రెబెక్కా గొంతు. ఒంటిగంట వంతు ఆమెదే. హమ్మయ్య అనుకుని కస్తూరి ఒక మోకాలు ఎత్తబోయి, ఆగింది.

"భుజం తట్టు మరి."

"లే అక్కా. ఎండకు అలిసిపోయినవ్."

"తడ్తె లేస్త గదా."

భుజం మీద చెయ్యి పడలేదు. మెడ మీద ఊపిరి తగులుతోంది... చల్లగా. అంత ఎండలో, చల్లగా. తడిసిన బొగ్గు వాసన...

"ఇరవై ఒక్క దినాలు ఏడ్చినవ్. ఎవలన్న విన్నరా?"

ఆ మాట కస్తూరి ఎవరితోనూ అనలేదు. రాత్రిళ్ళు తనలో తను అనుకున్న మాట అది.

"గీ పిల్ల గూడ పోతది. లే."

ఆమె లేవలేదు. అప్పుడు ఆ గొంతు మారింది. ముందు చిన్న దగ్గు... ఆ తర్వాత పిలుపు.

"కస్తూరీ..."

సాలోమోను.

"నేను పోయి చూసొచ్చిన. గా పైన ఎవ్వలు లేరే. కళ్ళు తెరువ్... ఇంటికి పోదాం పా."

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఈ గొంతు కోసమే తొమ్మిది నెలలుగా చెవులు రిక్కించుకుని బతుకుతోంది. కళ్ళు తెరిస్తే చాలు. ఒక్కసారి. రెప్పలు వణికాయి...

"విన్నడో లేదో నాకెర్క లేదు," అంది గుసగుసగా. "ఉన్నడో లేదో గూడ ఎర్క లేదు. గానీ పిల్లను ఇడువ. లేవ."

"కస్తూరీ..."

"లేవ!"

యేసయ్యా, అర్చన. యేసయ్యా, అర్చన. ఇంకో మాట రాలేదు ఆమెకు. అదే అంటూ ఉంది. ఎంతసేపు అందో తెలియదు.

భుజం మీద చెయ్యి పడింది. కస్తూరి కెవ్వుమంది. వెచ్చటి చెయ్యి, చెమట చెయ్యి.

"మాఫ్ చెయ్ అక్కా! కరెంట్ వొయింది, కునుకు వట్టింది. ఒకటిన్నర దాటింది. ఒక్కదానివే గింతసేపున్నవా?"

ఈసారి నిజంగా రెబెక్కానే. కస్తూరి కళ్ళు తెరిచి వెనక్కి చూసింది. గుమ్మం దగ్గర తనవీ రెబెక్కావీ రెండు జతల చెప్పులు తప్ప ఏమీ లేవు. ప్రాణం లేచొచ్చి, ముందుకు తిరిగింది.

తన మోకాళ్ళకు జానెడు దూరంలో, నేల మీది దుమ్ములో, రెండు మోకాళ్ళ గుర్తులు. వాటికవతల, సిలువ వైపు, కాలివేళ్ళ గుర్తులు. ఎవరో ఆమెకు ఎదురుగా, మొహంలో మొహం పెట్టి మోకరించారు. మాటలన్నీ వెనకనుంచి కదా వచ్చాయి! ముందున్నవాళ్ళు ఒక్క మాటా మాట్లాడలేదు.

తనకు కాపు కాశారా? కళ్ళు తెరుస్తుందని కాచుకుని ఉన్నారా?

"ఏందక్కా గది?" రెబెక్కా గొంతు తగ్గింది.

బయట బొగ్గు లారీ ఒకటి పోయింది. కిటికీలోంచి నల్లటి దుమ్ము లోపలికి వచ్చి, మెల్లగా దిగింది. నేల మీద పడింది. ఇద్దరి చేతుల మీదా పడింది.

ఎవరో ఇంకా అక్కడే ఉన్నట్టు, ఆ గుర్తుల మీద మాత్రం పడలేదు.